చిన్న హాల్ థ్రస్టర్: రూపకల్పన, పరీక్ష

(స్మారకోపన్యాస పాఠం)

విద్యుత్తుతో తోయడం ఎందుకు?

అంతరిక్షంలో ఉన్న వాహనం తన వేగం మార్చుకోవాలంటే తన దగ్గరున్న ద్రవ్యంలో కొంత వెనక్కి విసరాలి. విసిరే వేగం పెరిగేకొద్దీ అదే పనికి ఖర్చయ్యే ద్రవ్యం తగ్గుతుంది. కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్ సమీకరణం సారాంశం ఇదే. రసాయన ఇంజన్‌లో ఈ వేగానికి ఇంధనమే హద్దు. మండినప్పుడు వెలువడే శక్తికి మించిన వేగం దాని వాయువులకు రాదు. ఉపగ్రహాల్లో విరివిగా వాడే హైడ్రజీన్ థ్రస్టర్ నుంచి వాయువు సెకనుకు రెండు కిలోమీటర్లకు కాస్త మించిన వేగంతో వస్తుంది. విద్యుత్ థ్రస్టర్‌లో విసిరే ద్రవ్యం ట్యాంకులో ఉంటుంది, విసిరే శక్తి సౌర ఫలకాల నుంచి వస్తుంది. ఈ రెండూ వేరు కావడంతో ఆ హద్దు తొలగిపోయి వేగం ఏడెనిమిది రెట్లు, కొన్ని రకాల్లో పదిహేను రెట్లు పెరుగుతుంది.

వంద కిలోల ఉపగ్రహం తన జీవితకాలంలో మొత్తం సెకనుకు 500 మీటర్ల వేగ మార్పు సాధించాల్సి ఉంటే, హైడ్రజీన్ దాదాపు 21 కిలోలు కావాలి. అమెరికాలోని బుసెక్ సంస్థ తయారుచేసిన బీహెచ్‌టీ-200 అనే 200 వాట్ల హాల్ థ్రస్టర్‌కు అదే పనికి నాలుగు కిలోల లోపు జినాన్ సరిపోతుంది. విద్యుత్ సరఫరా పెట్టె బరువు తీసేసినా ఇంకా చాలా మిగులుతుంది. ఆ మిగులుకు బదులుగా ఇవ్వాల్సింది కాలం. ఈ థ్రస్టర్ ఇచ్చే బలం 12.8 మిల్లీన్యూటన్లు, అంటే నేలమీద 1.3 గ్రాముల బరువంత. దాని వల్ల వంద కిలోల వాహనం వేగం రోజుకు సెకనుకు 11 మీటర్ల చొప్పున మారుతుంది. 500 మీటర్లకు చేరాలంటే నెలన్నర పాటు ఆగకుండా నడవాలి. రోజంతా నడిస్తే ఖర్చయ్యే వాయువు 81 గ్రాములు.

ఇంత చిన్న బలాన్ని పుట్టించడం కష్టం. అది నిజంగానే పుడుతోందని, వేల గంటలపాటు అలాగే పుడుతుందని నేలమీద రుజువు చేయడం మరింత కష్టం. అందుకే చిన్న థ్రస్టర్ విషయంలో రూపకల్పనను, పరీక్షను విడివిడిగా చూడలేం. ఏ కొలతనైనా అది తీసుకున్న పరిస్థితులతో కలిపి చదివినప్పుడే దానికి విలువ.

రెండు సంప్రదాయాలు

విద్యుత్ థ్రస్టర్లు రెండు దారుల్లో ఎదిగాయి. అమెరికాలో హెరాల్డ్ కాఫ్‌మన్ జల్లెడ లాంటి లోహపు గ్రిడ్ల మధ్య అయాన్లను వేగపరిచే ఇంజన్‌ను అభివృద్ధి చేశారు. 1964 జులై 20న ప్రయోగించిన సెర్ట్-1లో అది 31 నిమిషాలు పనిచేసింది. అప్పటిదాకా శాస్త్రవేత్తలను ఒక సందేహం వేధించేది. ధనావేశ అయాన్లు వెళ్లిపోతుంటే వాహనం మీద రుణావేశం పేరుకుని, ఆ అయాన్లను తిరిగి వెనక్కి లాగేస్తుందేమో? అయాన్ల వెంట ఎలక్ట్రాన్లను కూడా పంపితే సరిపోతుందని సిద్ధాంతం చెప్పేది. కానీ శూన్య గదికి లోహపు గోడలుంటాయి, ఎలక్ట్రాన్లు ఆ గోడల గుండా కూడా తిరిగి రాగలవు. అందువల్ల నేలమీది పరీక్ష ఆ మాటను తేల్చలేకపోయింది. తేల్చింది ఆ 31 నిమిషాల ప్రయోగమే.

సోవియట్ యూనియన్‌లో కుర్చాతోవ్ సంస్థకు చెందిన అలెక్సీ మొరోజోవ్ మరో దారి పట్టారు. గ్రిడ్లు లేకుండా, అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్ల సాయంతో అయాన్లను వేగపరచడం ఆయన పద్ధతి. కాలినిన్‌గ్రాద్‌లోని ఫాకెల్ సంస్థ తయారుచేసిన అలాంటి థ్రస్టర్లు 1971 డిసెంబరు చివర్లో ప్రయోగించిన మెటియోర్ ఉపగ్రహంలో పనిచేసి దాని కక్ష్యను పెంచాయి. ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్న ప్రభావం ఇందులో ఉండటంతో వీటికి హాల్ థ్రస్టర్లనే పేరు స్థిరపడింది. చిన్న ఉపగ్రహాల్లో ఈ రకానిదే పైచేయి. ఇకపై వివరణ దీనికే పరిమితం.

పనిచేసే తీరు

హాల్ థ్రస్టర్‌లో ప్రధాన భాగం సిరామిక్‌తో చేసిన, ఒకవైపు తెరిచి ఉన్న వలయాకారపు కాలువ. దాని అడుగున ఆనోడ్ ఉంటుంది. వాయువు కూడా ఆనోడ్‌లోని సన్నని రంధ్రాల గుండానే కాలువలోకి వస్తుంది. బయట కాథోడ్ ఎలక్ట్రాన్లను వెదజల్లుతుంది. ఈ రెంటి మధ్య 200 నుంచి 300 వోల్టుల తేడా ఉంటుంది. కాలువ లోపలి గోడ నుంచి బయటి గోడ వైపు అడ్డంగా అయస్కాంత క్షేత్రం పరుచుకుని ఉంటుంది. ఆనోడ్ వైపు పరుగెత్తే ఎలక్ట్రాన్లు ఆ క్షేత్రంలో చిక్కుకుని వలయం చుట్టూ తిరగసాగుతాయి. ఇదే హాల్ కరెంటు. తిరుగుతూ అవి వాయు పరమాణువులను ఢీకొట్టి అయాన్లుగా మారుస్తాయి. ఎలక్ట్రాన్లు సులభంగా దాటలేని ఆ పలుచని ప్రాంతంలోనే వోల్టేజి చాలా వరకు కేంద్రీకృతమై, అయాన్లను బయటికి తోస్తుంది.

అయస్కాంతం ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచి, అయాన్‌ను వదిలేయడానికి కారణం వాటి ద్రవ్యరాశుల మధ్య తేడా. 0.02 టెస్లా క్షేత్రంలో 20 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎలక్ట్రాన్ ముప్పావు మిల్లీమీటరు వ్యాసార్థంతో తిరుగుతుంది. వేగం పుంజుకున్న జినాన్ అయాన్ అదే క్షేత్రంలో వంగాలంటే మీటరుకు పైబడిన వ్యాసార్థం కావాలి. కాలువ పొడవు కొన్ని సెంటీమీటర్లే కాబట్టి అది దాదాపు నేరుగా బయటపడుతుంది. అయాన్లను తోసిన ప్రతిచర్య హాల్ కరెంటు ద్వారా అయస్కాంతాల మీద పడుతుంది. వాహనాన్ని ముందుకు తోసే బలం అదే. కాలువలో అయాన్లతో సమానంగా ఎలక్ట్రాన్లు ఉండటం వల్ల ఆవేశం పేరుకోదు. గ్రిడ్ల ఇంజన్‌లో కరెంటుకు ఆవేశం విధించే పరిమితి ఇక్కడ లేదు.

రూపకల్పనలో మొదటి నిర్ణయం శక్తి గురించి. బలం విసిరే వేగాన్ని బట్టి పెరిగితే, అందుకు కావలసిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి అవే వాట్లతో వేగం రెట్టింపు చేస్తే బలం సగమవుతుంది. వాయువు పొదుపు చేయాలంటే వేగం పెంచాలి, పని త్వరగా కావాలంటే వేగం తగ్గించాలి. సౌర ఫలకాలు ఎన్ని వాట్లు ఇస్తాయి, పనికి ఎంత వ్యవధి ఉంది అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే వోల్టేజి, వాయు ప్రవాహం నిర్ణయమవుతాయి.

బీహెచ్‌టీ-200 లెక్కలు ఈ లోపలి జమాఖర్చును చూపిస్తాయి. దాని వోల్టేజి 250, కరెంటు 0.8 ఆంపియర్లు, జినాన్ ప్రవాహం సెకనుకు 0.94 మిల్లీగ్రాములు. 250 వోల్టులు పూర్తిగా దక్కిన జినాన్ అయాన్ వేగం సెకనుకు 19 కిలోమీటర్లు. కొలిచిన బలాన్ని ప్రవాహంతో భాగిస్తే వచ్చే సగటు వేగం 13.6 కిలోమీటర్లే. కొంత వాయువు అయాన్ కాకుండానే జారిపోతుంది, కొన్ని అయాన్లకు పూర్తి వోల్టేజి దక్కదు, మరికొన్ని పక్కలకు చెదిరిపోతాయి. కరెంటులోనూ నష్టముంది. ప్రతి పరమాణువూ ఒక్కో ఎలక్ట్రాన్‌ను కోల్పోయినా అయాన్ల కరెంటు 0.69 ఆంపియర్లకు మించదు. మిగతాది బలమేమీ ఇవ్వకుండా ఆనోడ్‌కు చేరిపోయే ఎలక్ట్రాన్లది. మొత్తం 200 వాట్లలో 87 వాట్లు మాత్రమే తోపుడు శక్తిగా మారతాయి.

చిన్నది చేయడంలో చిక్కులు

పెద్ద థ్రస్టర్ బొమ్మను కుదించి గీసినంత మాత్రాన చిన్న థ్రస్టర్ రాదు. కాలువను సగానికి తగ్గిస్తే ఎలక్ట్రాన్ల భ్రమణ వ్యాసార్థం కూడా సగానికి తగ్గాలి, అందుకు అయస్కాంత క్షేత్రం రెట్టింపు కావాలి. కానీ ఆ క్షేత్రాన్ని మోసే నడిమి ఇనుప స్తంభం సన్నబడి ఉంటుంది. ఇనుము రెండు టెస్లాల దగ్గర సంతృప్తమవుతుంది. ఆపైన క్షేత్రాన్ని పుట్టించే తీగచుట్టలో కరెంటు పెంచినా ప్రయోజనం స్వల్పం. పైగా చుట్టూ ఉన్న కాలువ వేడి అంతా ఆ స్తంభం మీదే పడుతుంది. సమారియం-కోబాల్ట్ శాశ్వత అయస్కాంతాలు వాడితే తీగచుట్టకు పోయే వాట్లు మిగులుతాయి, కానీ వేడెక్కితే వాటి బలం సన్నగిల్లుతుంది. క్షేత్రాన్ని సందర్భాన్ని బట్టి సర్దుకునే వీలూ ఉండదు.

రెండో చిక్కు గోడలు. కాలువ చిన్నదయ్యేకొద్దీ, అందులో అయాన్లు, ఎలక్ట్రాన్లు కలగలిసిన ప్లాస్మా పరిమాణంతో పోలిస్తే దాన్ని తాకే గోడ వైశాల్యం పెరుగుతుంది. ఎలక్ట్రాన్ల శక్తి ఆ గోడలకు వేడిగా పోతుంది. మూడోది ఢీకొనే అవకాశం. వాయు పరమాణువు కాలువ దాటేలోపు ఒక్క ఎలక్ట్రాన్‌నైనా తాకాలంటే పొట్టి కాలువలో వాయువు మరింత చిక్కగా ఉండాలి. ఈ మూడూ కలిసి చిన్న థ్రస్టర్ల దక్షతను దించేస్తాయి. కాలువ బయటి వ్యాసం 100 మిల్లీమీటర్లుండే ఎస్‌పీటీ-100 అనే పెద్ద హాల్ థ్రస్టర్‌కు 1,350 వాట్లు ఇస్తే 83 మిల్లీన్యూటన్లు వస్తాయి. వాట్‌కు వచ్చే బలం బీహెచ్‌టీ-200లో దాదాపు అంతే ఉన్నా, వాయువు సగటు వేగం ఎస్‌పీటీ-100లో ఎక్కువ.

భాగాలు, వాయువు

కాలువ గోడకు బోరాన్ నైట్రైడ్ సిరామిక్‌ను ఎక్కువగా ఎంచుకుంటారు. అది వేడిని, విద్యుత్తును తట్టుకుంటుంది, అయాన్ల తాకిడికి నెమ్మదిగా అరుగుతుంది, ఎలక్ట్రాన్ తగిలినప్పుడు అది వెలువరించే కొత్త ఎలక్ట్రాన్లు కూడా పరిమితం. అయితే పెళుసుది. ప్రయోగ సమయంలోని కంపనాలకు పగలకుండా, వేడికి వ్యాకోచించే చోటు వదులుతూ దాన్ని బిగించాలి. అయస్కాంత క్షేత్రం ఆనోడ్ దగ్గర బలహీనంగా, కాలువ అంచున అత్యధికంగా ఉండాలి. కంప్యూటర్‌లో గీసిన క్షేత్రాన్ని తయారైన వస్తువులో గాస్‌మీటర్‌తో బిందువు బిందువుగా కొలిచి సరిపోల్చాలి. ఆనోడ్ రంధ్రాల నుంచి వాయువు వలయమంతటా సమానంగా వస్తోందా అన్నది కూడా థ్రస్టర్‌ను వెలిగించక ముందే తేలాలి. ఒక పక్క వాయువు ఎక్కువైతే బలం దిశ పక్కకు ఒరుగుతుంది.

కాథోడ్ అన్నిటికంటే సుకుమారమైన భాగం. సన్నని గొట్టం లోపల ఎలక్ట్రాన్లను వెలువరించే పదార్థం ఉంటుంది. బేరియం నింపిన టంగ్‌స్టన్ వెయ్యి డిగ్రీల సెల్సియస్ పైన, లాంథనం హెక్సాబోరైడ్ 1,600 డిగ్రీల ప్రాంతంలో పనిచేస్తాయి. బేరియం రకానికి ఆక్సిజన్, తేమ విషంతో సమానం. అందుకే వాయువు 99.999 శాతం స్వచ్ఛంగా ఉండాలని, గొట్టాలను ముందుగా వేడిచేసి తేమ తోలేయాలని నియమం. కాథోడ్‌కు కొంత వాయువు, వేడిచేయడానికి కొంత శక్తి ఖర్చవుతాయి. పెద్ద థ్రస్టర్‌లో ఆ ఖర్చు లెక్కలోకి రాకపోయినా 100 వాట్ల థ్రస్టర్‌లో బరువుగా తోస్తుంది. హీటర్ అక్కర్లేని కాథోడ్ల మీద పరిశోధన ముమ్మరం కావడానికి కారణం ఇదే.

వాయువుల్లో జినాన్ చిరకాలంగా ముందుంది. దాని పరమాణువు బరువైనది, 12.1 ఎలక్ట్రాన్ వోల్టులకే అయాన్ అవుతుంది, దాదాపు దేనితోనూ చర్య జరపదు, 58 బార్లకు మించిన పీడనంలో చిన్న ట్యాంకులో దట్టంగా ఇముడుతుంది. కానీ గాలిలో దాని వాటా కోటికి ఒక భాగం కంటే తక్కువ, ధర ఎక్కువ. అందుకే వేల ఉపగ్రహాల స్టార్‌లింక్ 2019లో క్రిప్టాన్‌తో మొదలుపెట్టి, 2023 నుంచి ఆర్గాన్ కూడా వాడుతోంది. ఫ్రాన్స్‌కు చెందిన థ్రస్ట్‌మీ సంస్థ 2020లో అయోడిన్‌తో నడిచే చిన్న అయాన్ థ్రస్టర్‌ను మొదటిసారి కక్ష్యలో నడిపింది. అయోడిన్ ఘనరూపంలో ఉండటంతో అధిక పీడన ట్యాంకు అక్కర్లేదు. కానీ లోహాలను తినేస్తుంది. వాయువు మారితే థ్రస్టర్‌ను కూడా మళ్లీ రూపొందించుకోవాలి.

విద్యుత్ సరఫరా పెట్టెను థ్రస్టర్‌తో కలిపే ఆలోచించాలి. కాలువలో వాయువు నిండి, అయాన్లుగా మారి ఖాళీ అయి, మళ్లీ నిండుతూ ఉండటం వల్ల కరెంటు సెకనుకు పది నుంచి ముప్పై వేల సార్లు పడిలేస్తుంది. ప్రయోగశాలలోని పెద్ద పవర్ సప్లై ఆ ఊగిసలాటను తేలిగ్గా మోస్తుంది. ఉపగ్రహంలోని చిన్న సరఫరా మోయలేక ఆగిపోవచ్చు. అందువల్ల ఎగిరే సరఫరాతోనే, ఎగిరే ఫిల్టర్‌తోనే పరీక్షించే దాకా థ్రస్టర్ సిద్ధమైనట్టు కాదు.

శూన్య గది

ప్రతి పరీక్షకూ మొదటి ప్రశ్న శూన్యం గురించి. సెకనుకు 0.94 మిల్లీగ్రాముల జినాన్ లోపలికి వదులుతూ పీడనాన్ని వాతావరణంలో 7.6 కోట్ల వంతు, అంటే టార్‌లో లక్షో వంతు దగ్గర నిలపాలంటే, పంపులు సెకనుకు 13,000 లీటర్ల వాయువును తోడేయాలి. సాధారణ పంపులతో ఇది సాగదు. బాగా చల్లబరిచిన పలకల మీద జినాన్‌ను గడ్డకట్టించే క్రయో పంపులు కావాలి.

ఇంత చేసినా గదిలో మిగిలిన వాయువు లెక్కను చెడగొడుతుంది. అది థ్రస్టర్ నోట్లోకి తిరిగి వెళ్లి, అయాన్‌గా మారి, కొలవని వాయువుతో అదనపు బలం ఇస్తుంది. ఫలితంగా దక్షత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. గది లోహపు గోడలు ఎలక్ట్రాన్లకు అంతరిక్షంలో లేని దారి చూపిస్తాయి. అయాన్లు గోడను కొట్టి రాల్చిన రేణువులు తిరిగి వచ్చి థ్రస్టర్ మీద పడతాయి. ఆ ఇబ్బంది తగ్గించడానికి నెమ్మదిగా అరిగే గ్రాఫైట్ పలకలు పరుస్తారు. వేర్వేరు పీడనాల వద్ద కొలిచి, పీడనం సున్నాకు దిగితే బలం ఎంతుంటుందో అంచనా కట్టడం సరైన పద్ధతి. పీడనం చెప్పకుండా చెప్పిన దక్షత అసంపూర్ణం.

బలాన్ని కొలవడం

మిల్లీన్యూటన్ల బలాన్ని లోలకంతో కొలుస్తారు. వేలాడేది, తలకిందులుగా నిలిచేది, పక్కలకు మెలితిరిగేది అని దీనిలో మూడు రకాలు. థ్రస్టర్ తోస్తే లోలకం కాస్త జరుగుతుంది. ఆ కదలిక నుంచి, లేదా దాన్ని సున్నాకు తేవడానికి ఇచ్చిన ఎదురు బలం నుంచి, థ్రస్టర్ బలం తెలుస్తుంది. ఒక కిలో థ్రస్టర్ బరువు ముందు 12.8 మిల్లీన్యూటన్లు దాదాపు 770వ వంతు. మొదటి రెండు రకాల్లో పీఠం డిగ్రీలో అరవయ్యో వంతు వాలినా 2.85 మిల్లీన్యూటన్ల దొంగ బలం కనిపిస్తుంది. వేడికి పీఠం వంగుతుంది, కరెంటు తీగలు, వాయు గొట్టం స్ప్రింగుల్లా లాగుతాయి, తీగల్లోని కరెంటు భూమి అయస్కాంత క్షేత్రంతో తోపులాడుతుంది. కాబట్టి శూన్యంలోనే, తెలిసిన చిన్న బరువులతో, థ్రస్టర్‌ను వెలిగించే ముందూ ఆర్పిన తర్వాతా కాలిబ్రేషన్ చేయాలి. ప్లాస్మా లేకుండా తీగచుట్టలకు మాత్రమే కరెంటు ఇచ్చి ముల్లు కదులుతుందో లేదో చూడాలి. వాయువును మాత్రమే వదిలి మళ్లీ చూడాలి.

ఈ జాగ్రత్తల విలువను ఎమ్‌డ్రైవ్ ఉదంతం చాటింది. ఏ ద్రవ్యాన్నీ విసరకుండా మూసిన రాగి పాత్రలో మైక్రోవేవ్‌లు బలం ఇస్తాయన్నది ఆ వాదన. కిలోవాట్‌కు 1.2 మిల్లీన్యూటన్లు కొలిచామని నాసాలోని ఒక బృందం 2016లో ప్రచురించింది. డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మార్టిన్ తాజ్మార్ బృందం మరింత నిశితమైన పీఠంతో పరీక్షించి, కనిపించిన బలానికి కారణం తీగల మీద అయస్కాంత ప్రభావం, వేడికి పీఠం వంగడమేనని 2018, 2021 ఫలితాల్లో చూపించింది. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం చెక్కుచెదరలేదు.

బలం ఎంతో తెలిశాక, ఎక్కడ పోతోందో తెలియాలి. ఫారడే ప్రోబ్‌ను థ్రస్టర్ ముందు అర్ధవృత్తంలో తిప్పితే అయాన్లు ఎంత చెదురుతున్నాయో తెలుస్తుంది. ఎదురు వోల్టేజి పెంచుతూ అయాన్లను ఆపే పరికరం వాటి శక్తిని చెబుతుంది. విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను అడ్డంగా వాడే మరో పరికరం ఒకటికి మించిన ఆవేశమున్న అయాన్లను వేరుచేస్తుంది. ఈ నష్టాలన్నిటినీ లెక్కగట్టి గుణిస్తే వచ్చే దక్షత, లోలకం చెప్పిన దక్షతతో కలవాలి. కలవకపోతే ఏదో ఒక కొలత తప్పు.

ఆయుష్షు

చిన్న బలం ఉపయోగపడాలంటే థ్రస్టర్ వేల గంటలు నడవాలి. దాన్ని హరించేది అరుగుదల. అయాన్లు గోడ అంచును కొద్దికొద్దిగా చెక్కుతాయి. సిరామిక్ పూర్తిగా అరిగితే వెనకున్న అయస్కాంత ధ్రువం బయటపడుతుంది. ఆయుష్షు పరీక్షను వేగవంతం చేసే అడ్డదారి లేదు. డీప్ స్పేస్-1 అనే అంతరిక్ష వాహనం ఇంజన్‌కు జోడీగా తయారైన ఎన్‌స్టార్ అయాన్ ఇంజన్‌ను జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో 30,352 గంటలు, అంటే మూడున్నర ఏళ్ల సమయం, నడిపి 235 కిలోల జినాన్ ఖర్చుచేశారు.

ఓపికకు దక్కిన గొప్ప ఫలం బీపీటీ-4000 అనే హాల్ థ్రస్టర్ పరీక్షలో కనిపించింది. పదివేల గంటలు దాటి సాగిన ఆ పరీక్షలో దాదాపు 5,600 గంటల తర్వాత గోడ అరుగుదల ఆగిపోయినంత పనయింది. జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు కారణం వెతికారు. అరిగిన గోడ ఆకారం అయస్కాంత రేఖల వంపుకు సమాంతరమైంది. ఆ రేఖల వెంట ఆనోడ్ దగ్గరి చల్లని ఎలక్ట్రాన్లే గోడను తాకుతాయి, అయాన్లను గోడ వైపు లాగే వోల్టేజి ఉండదు. ఆ ఆకారాన్ని మొదటి రోజే గోడకు ఇచ్చే పద్ధతిని అయస్కాంత కవచం అంటారు. చిన్న థ్రస్టర్లకు ఇది పెద్ద వరం. గోడ వైశాల్యం వాటికే ఎక్కువ శాపం కాబట్టి లాభమూ వాటికే ఎక్కువ. ఆ వంపుకు మరింత బలమైన అయస్కాంతం కావాలి, సన్నని ఇనుప స్తంభం చిక్కు అక్కడ మళ్లీ ఎదురవుతుంది.

కక్ష్యలో

నేలమీద ఎంత పరీక్షించినా కక్ష్యలో కొత్త సంగతులు బయటపడతాయి. 1998 నవంబరులో డీప్ స్పేస్-1 ఇంజన్ మొదటిసారి వెలిగి నాలుగున్నర నిమిషాలకే ఆగింది. గ్రిడ్ల మధ్య చిక్కిన సన్నని రేణువు కారణమని ఇంజనీర్లు భావించారు. రెండు వారాల తర్వాత అది మళ్లీ వెలిగి, మొత్తం 16,000 గంటలకు పైగా పనిచేసింది. 2003 సెప్టెంబరులో బయల్దేరిన ఐరోపా వాహనం స్మార్ట్-1 ఒక్క హాల్ థ్రస్టర్‌తో, దాదాపు 82 కిలోల జినాన్‌తో చంద్రుని కక్ష్య చేరింది. 2006 డిసెంబరులో టాక్‌శాట్-2 ఉపగ్రహంలో వెళ్లిన బీహెచ్‌టీ-200 కక్ష్యలో పనిచేసిన తొలి అమెరికన్ హాల్ థ్రస్టర్.

భారతదేశంలో ఈ పని వలియమలలోని ద్రవ చోదన వ్యవస్థల కేంద్రంలో సాగింది. ప్లాస్మా థ్రస్టర్లున్న జీశాట్-4 ఉపగ్రహం 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోట నుంచి బయల్దేరింది, రాకెట్ విఫలమవడంతో అది కక్ష్యకు చేరలేదు. 2017 మే 5న అక్కడి నుంచే వెళ్లిన జీశాట్-9 విద్యుత్ చోదనాన్ని కక్ష్యలో అమలుచేసింది. 2024 జనవరి 1న ప్రయోగించిన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ చివరి దశను వేదికగా చేసుకుని బెంగళూరుకు చెందిన బెల్లాట్రిక్స్ ఏరోస్పేస్ హీటర్ అక్కర్లేని కాథోడ్‌ను పరీక్షించింది. 2025 మార్చిలో ఇస్రో 300 మిల్లీన్యూటన్ల ప్లాస్మా థ్రస్టర్‌కు 1,000 గంటల పరీక్ష పూర్తయిందని ప్రకటించింది.

కాబట్టి చిన్న థ్రస్టర్ గురించిన నివేదికలో బలం, దక్షత అనే రెండు అంకెలు చాలవు. వోల్టేజి, కరెంటు, ఆనోడ్‌కూ కాథోడ్‌కూ విడివిడిగా వాయు ప్రవాహం, గది పీడనం, దాన్ని కొలిచిన చోటు, లోలకం కాలిబ్రేషన్, కొలతలోని అనిశ్చితి, అయస్కాంత తీగచుట్టలు, కాథోడ్ హీటర్ తిన్న శక్తి, నడిచిన గంటలు, వెలిగించిన సార్లు, పరీక్షకు ముందూ తర్వాతా గోడ మందం ఉండాలి. ఈ వివరాలున్న నివేదికను చూసి మరో ప్రయోగశాల అదే పరీక్షను మళ్లీ చేయగలదు. అక్కడా అదే ఫలితం వస్తే ఆ థ్రస్టర్‌ను ఉపగ్రహానికి బిగించవచ్చు.